ముందు ట్రంకుపెట్టె దించండి, యుద్ధం సంగతి తర్వాత

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 76 ఏళ్లు. 1968లో ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేరారు, పాకిస్తాన్‌తో 71 యుద్ధంలో ఉన్నారు, 74లో పెళ్లి, 85లో హవల్దారుగా రిటైరై ఊరికొచ్చి ఆ తర్వాత 23 ఏళ్లు బ్యాంకులో గార్డుగా చేశారు. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి తాతయ్య జీవితం రాసిపెడదామని నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే, "ఏముందిరా రాయడానికి, అందరూ చేసిందే నేనూ చేశాను" అని లేచి వెళ్లిపోయారు. యుద్ధం మాటెత్తితే మీ చిన్నప్పటి నుంచీ ఇంతేనన్నారు. ఎలా అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

నేనూ గన్నర్‌నే, ఫిరంగుల మీద పనిచేసినవాణ్ణే. మా భాషలో గన్ను అంటే ఫిరంగి. 1979లో చేరి 2003లో నాయబ్ సుబేదారుగా బయటికొచ్చాను. అప్పటి నుంచి మా టౌన్లో మాజీ సైనికుల పెన్షన్ కాగితాలు, వాళ్లు పోయాక ఇంట్లో ఆడవాళ్ల ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చూసిపెడుతున్నాను. ఆ వంకన 71 చూసిన పెద్దలతోనూ వాళ్ల భార్యలతోనూ గంటల తరబడి కూర్చున్నాను. ఒక్క ఫారం నింపించుకుందామని పొద్దున్నే వచ్చినాయన మధ్యాహ్నం భోజనాల వేళ దాకా మాట్లాడిన రోజులున్నాయి. కన్నపిల్లలకు చెప్పని మాటలు నాకెందుకు చెప్పారంటే, నేనూ మిలిటరీ వాణ్ణే అన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, నేను యుద్ధం గురించి అడగలేదు. ఏ సంవత్సరం చేరారు, ఏ రెజిమెంట్, మొదటి పోస్టింగ్ ఎక్కడ, నామినీ ఎవరు అని అడిగాను. మిగతాది దానంతటదే వచ్చింది.

అసలు విషయానికి వెళ్లేముందు ఒకటి చూసుకోండి. ఆయన లేచి వెళ్లిపోతున్నారంటే చెప్పడం ఇష్టం లేకే అని మీరనుకుంటున్నారు. నేనైతే ముందు చెవుల్ని అనుమానిస్తాను. గన్ను పక్కన పదిహేడేళ్లు పనిచేసిన మనిషి ఆయన. ఆ రోజుల్లో చెవులకు రక్షణ అంటే ఇంత దూది, లేదంటే రెండు వేళ్లు. ఫైరింగ్ దెబ్బకి ముందు పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తి. మగవాళ్ల బొంగురు గొంతు బాగానే అందుతుంది, ఆడవాళ్లదీ పిల్లలదీ అందదు. ఒక్కరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది, నలుగురు ఒకేసారి మాట్లాడితే అంతా హోరు. ఆ హోరులో తప్పు సమాధానం చెప్పి మనవడి ముందు చులకనవడం కంటే లేచి వెళ్లిపోవడమే నయమనుకుంటారు. టీవీ సౌండు బాగా పెంచుతారా? మీరు చెప్పినదానికి "ఆఁ, ఆఁ" అని తలూపి తర్వాత వేరే పని చేస్తారా? అయితే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి తీసుకెళ్లి చెవి పరీక్ష చేయించండి. చెవి మెషిన్ కూడా ఆ పథకంలోనే వస్తుంది. కార్డు లేకపోతే ఇప్పుడైనా చేయించండి. 1996 జనవరికి ముందు రిటైరైనవాళ్లకు ఆ పథకంలో చందా కూడా లేదు. మా టౌన్లో ఒక పెద్దాయన్ని "ఆయన మాట్లాడడు, అంతే" అని ఇంట్లోవాళ్లు పదేళ్లు వదిలేశారు. మెషిన్ పెట్టించిన నెలకి వాళ్లావిడ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈయన ఇప్పుడు నా ప్రతి మాటకీ ఏదో ఒకటి అంటున్నారు" అంది. ఆ గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది. కాబట్టి మీ అబ్బాయిని ఎదురుగా, దగ్గరగా కూర్చోమనండి. ఫ్యాను, టీవీ కట్టేయండి. ఏ చెవి బాగా వినిపిస్తుందో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, అడగండి.

ఇక మీ ప్రశ్న. యుద్ధంతో మొదలుపెట్టడమే మీ ఇబ్బంది. 71 యుద్ధం డిసెంబరు 3 సాయంత్రం మొదలైంది. తూర్పున 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది, పడమట 17 రాత్రి కాల్పులు ఆగాయి. మొత్తం రెండు వారాలు. ఆయన సర్వీసు పదిహేడేళ్లు. బ్యాంకు గేటు దగ్గర 23 ఏళ్లు. మీకు తండ్రిగా ఉన్నది అంతకంటే ఎక్కువ. ఆ రెండు వారాల గురించి మాత్రమే అడుగుతుంటే, మిగతా బతుకంతా ఎవరికీ అక్కర్లేదన్నట్టు ఆయనకు అనిపించదా? "ఏముందిరా రాయడానికి" అన్నది అందుకే అని నా నమ్మకం. మీవాడు అడిగిన యుద్ధం సినిమాల్లో చూసిన యుద్ధం. ఆయన చేసింది అది కాదు. గన్నర్‌కి చాలాసార్లు శత్రువు కంటికి కనపడడు. ముందెక్కడో ఓపీలో, అంటే శత్రువుని గమనించే చోట కూర్చున్న ఆఫీసరు వైర్‌లెస్‌లో దూరం, దిశ చెబుతాడు, వెనక గన్నుల దగ్గర వీళ్లు కొడతారు, మళ్లీ సవరణ వస్తుంది, మళ్లీ కొడతారు. గుండు ఎక్కడ పడిందో వీళ్లు చూడరు. అటునుంచి వాళ్లూ మన గన్నులు ఎక్కడున్నాయో వెతికి కొడతారు. పగలూ రాత్రీ గుంట తవ్వడం, గుండ్లు మోయడం, కొట్టడం, మళ్లీ గన్నుని బండికి తగిలించుకుని ఇంకోచోటికి పోవడం. దాన్ని కథలా చెప్పమంటే ఎవరైనా ఏం చెబుతారు?

అందుకని ట్రంకుపెట్టె దించండి. ఆయనకి కచ్చితంగా ఉంటుంది. నల్ల రంగు ఇనుప పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. అటక మీదో, మంచం కిందో, పాత దుప్పట్లు పెట్టుకోవడానికి వాడుతూనో ఉంటారు. మీరు తెరవకండి. ఆయన చేతే తాళం తీయించండి. ఒక్కో వస్తువూ ఆయన చేత్తోనే బయటికి రావాలి. తొందరపెట్టకండి, ఫోన్‌తో వీడియో తీస్తూ ముఖం మీదికి వెళ్లకండి. మాటలు రికార్డు చేయాలంటే ముందు అడిగి, ఫోను పక్కన బోర్లా పెట్టి వదిలేయండి.

అందులో మూడు నాలుగు రకాలవి దొరుకుతాయి. మెడల్స్ ఉంటే వెనకా అంచులూ తిప్పి చూడండి, నంబరు, పేరు కొట్టి ఉంటాయి. 71లో తూర్పున పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్, పడమట పనిచేసినవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ అని ఇంకొకటి ఉంది. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు స్వాతంత్య్రం వచ్చి పాతికేళ్లయిన మెడల్ కూడా వచ్చింది. స్టార్ ఏదో చూస్తే ఆయన ఏ వైపు ఉన్నారో ఆయన నోరు విప్పకుండానే తెలిసిపోతుంది. తూర్పయితే నదులు దాటుకుంటూ ఢాకా వైపు పోయిన దారి, లొంగిపోయిన సుమారు 93,000 మందికి ఆ తర్వాత కాపలా కాసిన సంగతి అడగొచ్చు. పడమటయితే ఇంకో ప్రశ్న ఉంది, ఇది చాలామందికి తట్టదు: "యుద్ధం అయ్యాక మొదటి లీవు ఎప్పుడు దొరికింది తాతయ్యా?" కాల్పులు ఆగినంత మాత్రాన ఎవరూ ఇంటికి రాలేదు. సిమ్లా ఒప్పందం 1972 జూలైలో జరిగింది, పడమటి సరిహద్దులో సైన్యాలు వెనక్కి జరగడం ఆ ఏడు డిసెంబరుకి గానీ పూర్తి కాలేదు. ఇంటి దగ్గర యుద్ధం గెలిచామని మిఠాయిలు పంచుకున్న ఏడాదంతా వీళ్లు అదే గుంటలో కూర్చున్నారు. ఆ ఏడాది గురించి ఎవరూ అడగరు. అడిగి చూడండి.

రిటైరయ్యేటప్పుడు ఆర్మీ ఇచ్చే డిశ్చార్జ్ బుక్కు దొరికితే అది అన్నిటికంటే విలువైనది. నంబరు, చేరిన తేదీ, చేరిన చోటు, ట్రేడు, చేసిన కోర్సులు, మెడల్స్, ఆఖరున ఏ కారణంతో పంపారో, నడవడిక ఎలా ఉందో అన్నీ అందులో ఉంటాయి. గుర్తుపట్టడానికి రాసిన పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ఆ మచ్చ ఇప్పుడు మనవడు ఆయన చేతి మీద వెతికితే కబుర్లు వాటంతటవే మొదలవుతాయి. బుక్కు పోయుంటే ఆర్టిలరీ వాళ్ల రికార్డ్స్ ఆఫీసు నాసిక్ రోడ్డులో ఉంది, మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అక్కడికి రాయొచ్చు. ఆర్మీ నంబరు తప్పకుండా రాయాలి, పేరొక్కటే రాస్తే పని జరగదు.

ఆ పెట్టెలోనే అడుగున ఒక కట్ట ఉండొచ్చు. మా టౌన్లో ఒకాయన పెట్టెలో నేను చూశాను. రబ్బరు బ్యాండు ఎండి ముక్కలై కాగితానికి అంటుకుపోయింది. విప్పితే అన్నీ మనియార్డరు రసీదులు. అప్పట్లో మనియార్డరు పంపితే, డబ్బు ముట్టినట్టు అవతలివాళ్ల సంతకంతో ఒక ముక్క పంపినవాడికి తిరిగొచ్చేది. వాళ్లమ్మకి చదువు రాదు. ప్రతి ముక్క మీదా ఆవిడ వేలిముద్ర. కొన్ని స్పష్టంగా, కొన్ని ఇంకు ఎక్కువై ముద్దగా. ఒక నెల ముద్ర మారింది, అది వాళ్ల చెల్లెలిది. అమ్మకి జబ్బు చేసిందని ఆయనకి ఉత్తరం కంటే ముందు ఆ ముద్ర చూస్తేనే తెలిసిందట. యాభై ఏళ్ల తర్వాత నాకు చూపిస్తూ, "ఇది మా అమ్మ కాదు, చూశావా" అని వేలు పెట్టి చూపించారు. యుద్ధం గురించి ఆయన నాకు చెప్పింది నాలుగు వాక్యాలే. దీని గురించి గంటసేపు చెప్పారు.

ఉత్తరాలు దొరికితే అదృష్టం. వాటిలోనూ యుద్ధం కోసం వెతక్కండి, ఉండదు. ఎక్కడున్నారో రాయకూడదు. చిరునామా "కేరాఫ్ 56 ఏపీవో" (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది, తూర్పున ఉన్నవాళ్లకైతే 99. ఆ పోస్టాఫీసు ఏ ఊళ్లో ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, నేను క్షేమం, చలి ఎక్కువగా ఉంది, ఇంటి కప్పు మీద పెంకులు మార్పించారా, చెల్లి పెళ్లికి అప్పు తెచ్చారా, గేదె ఈనిందా. అంతే. ఆ ప్రశ్నల్నే జాగ్రత్తగా చదవండి. ఇరవై రెండేళ్ల కుర్రవాడు గుంటలో కూర్చుని పెంకుల గురించి ఆలోచించాడు. 71కి ఆయనకు పెళ్లి కాలేదు కాబట్టి ఆ ఉత్తరాలు మీ తాతగారికి వచ్చి ఉంటాయి. వాటిని ఇంట్లో ఎవరు చదివి వినిపించేవారో, జవాబు ఎవరి చేత రాయించేవారో కనుక్కోండి. పోస్ట్‌మ్యానో, బడిపంతులో, పక్కింటి పిల్లో. మీ మేనత్త ఎవరైనా బతికి ఉంటే ఈ వారమే వెళ్లండి. డిసెంబరు 3 నుంచి ఆ ఇంట్లోవాళ్లు రేడియో ఎవరింటికి వెళ్లి విన్నారు, ఏం తిన్నారు, ఎవరు ఏడ్చారు అన్నది ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

గన్నుల గురించి ఒక్క ప్రశ్న మాత్రం మీ అబ్బాయి చేత అడిగించండి. "తాతయ్యా, మీరు గన్ను మీద ఏ నంబరు?" బయటివాళ్లకు ఇది అర్థం కాదు, గన్నర్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పాతకాలం 25 పౌండర్ గన్ను తీసుకుంటే దానికి ఆరుగురు. నంబర్ వన్ హవల్దారు, గన్నుకి బాధ్యుడు. రెండో నంబరు వెనక తలుపు చూస్తాడు, గుండుని లోపలికి నెడతాడు. మూడో నంబరు గురి పెట్టే లేయర్. నాలుగు లోడర్. ఐదూ ఆరూ గుండ్లు సిద్ధం చేసి అందించేవాళ్లు. గుండు బరువు 11 కిలోలు. 130 ఎంఎం గన్నయితే ఒక్కొక్కటి 33 కిలోలు. కొత్త కుర్రవాడు గుండ్లు అందించే పనితో మొదలవుతాడు. మీ నాన్నగారు మూడేళ్ల సర్వీసుతో 71లో ఏ నంబరు మీద ఉన్నారో, ఆ గన్ను మీద మిగతావాళ్లు ఎవరో, ఏ రాష్ట్రాల వాళ్లో అడగండి. పేర్లు చెబుతారు. పేర్లు చెబుతూ ఒకచోట ఆగితే, ఆగనివ్వండి. "ఆయనేమయ్యారు" అని వెంటనే అడగొద్దు. కాసేపుండి ఆయనే చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా ఆ ఆగిన చోటు మీ అబ్బాయికి తెలిసింది, చాలు. ఆ తర్వాత ఒక్కో నంబరూ ఎప్పుడు మారారో అడగండి. గుండ్లు అందించడం నుంచి నంబర్ వన్ దాకా రావడానికి పట్టిన ఏళ్లే ఆయన సర్వీసు. మీవాడికి పుస్తకం ఎలా విడగొట్టుకోవాలో దాంతో తెలిసిపోతుంది.

"ఎంతమందిని చంపావు తాతయ్యా" అని మాత్రం అడగనివ్వకండి. పిల్లలు అడుగుతారు, వాళ్ల తప్పు కాదు. ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఈ ఒక్క ప్రశ్నతో ఆర్నెల్లు మాట్లాడడం మానేసినాయన నాకు తెలుసు. అలాగే రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, దీపావళి నాడు గదిలో తలుపేసుకోవడం, తాగుడు ఎక్కువవడం లాంటివి ఉంటే అది కథకు పనికొచ్చే విషయం అనుకోకండి. డాక్టరుకి చూపించాల్సిన విషయం. ఈ వయసులో చూపిస్తే ఏం లాభం అనొద్దు, రాత్రి నిద్ర పట్టి హాయిగా పడుకోవడం 76లోనూ లాభమే.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరికి వద్దాం. మీ ప్రశ్నలో ఆవిడ గురించి ఒక్క వాక్యం ఉంది: "అమ్మ కూడా పెద్దగా ఏం చెప్పదు." అమ్మా, మీవాడు రాసే పుస్తకంలో సగం ఆవిడది. లెక్క వేసి చూడండి. ఏడాదికి యాన్యువల్ లీవు 60 రోజులు, క్యాజువల్ లీవు ఇంచుమించు ఒక నెల. పూర్తిగా దొరికినా మూడు నెలలు. 74 నుంచి 85 దాకా పదకొండేళ్లు. కుటుంబాన్ని తీసుకెళ్లగలిగే పీస్ స్టేషన్లో క్వార్టర్ దొరికి రెండు మూడేళ్లు కలిసి ఉండి ఉంటే ఉన్నట్టు, లేకపోతే పదకొండేళ్ల కాపురంలో కలిసి ఉన్నది 33 నెలలు. మిగతా కాలం అత్తమామలతో, పిల్లలతో, జ్వరాలతో, స్కూలు ఫీజులతో ఆవిడొక్కతే. మీరు పుట్టినప్పుడు ఆయన ఎక్కడున్నారు? టెలిగ్రాం ఎవరిచ్చారు? పేరు ఎవరు పెట్టారు? మీకే తెలియకపోతే ఇప్పుడు అడగండి.

నా సంగతి చెబుతాను. 1999లో మే నుంచి జూలై దాకా మా రెజిమెంటు కార్గిల్ వైపు ద్రాస్‌లో ఉంది. నేను రాసిన ఉత్తరాల్లో ఏముందంటే, అబ్బాయి ఫీజు కట్టావా, మోటారు బాగుచేయించావా. నేను ధైర్యంగా ఉన్నానని తనకు తెలియాలని అలా రాశాను. ఇంటి దగ్గర తను రోజూ రాత్రి వార్తల వేళకి టీవీ పెట్టి, పిల్లలు పడుకున్నారో లేదో చూసుకుని, సౌండు మొత్తం తగ్గించి బొమ్మ మాత్రం చూసేదట. ఈ సంగతి నాకు తెలిసింది 2006లో. అదీ తను చెప్పలేదు. ఏదో కాగితం వెతుకుతుంటే బీరువాలో వంద పేజీల నోటుబుక్కు కనపడింది. నేను పెళ్లయినప్పటి నుంచి పంపిన ప్రతి మనియార్డరూ తేదీతో రాసి ఉంది. కింద ఖర్చులు. మా నాన్న కంటి ఆపరేషన్, ఎరువులు, అమ్మాయి గౌను, చీటీ పాట. 1999 జూన్ పేజీలో లెక్కల పక్కన ఖాళీలో ఒక్కో రోజుకీ ఒక్కో చిన్న గీత. ఐదు గీతలకి అడ్డంగా ఒకటి. ఏంటివి అని అడిగితే, "వార్తల్లో మీ రెజిమెంటు పేరు రాని రోజులు" అంది. నేను ద్రాస్‌లో ఏం చేశానో మా పిల్లలు నన్ను ఎన్నోసార్లు అడిగారు. ఆ నోటుబుక్కు గురించి వాళ్లమ్మని అడగలేదు. నేను చూపించాకే చూశారు.

రిటైరయ్యాక ఇంకో కష్టం ఉంటుంది, అది మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. అన్నాళ్లూ ఇల్లు ఆయన లేకుండా నడిచింది. గ్యాస్ బుక్కు ఎక్కడుంటుందో, పాలవాడికి ఎంత బాకీయో, పిల్ల ఏ క్లాసులో ఏ సెక్షనో ఆయనకి తెలియదు. తెలియని మనిషికి తెలిసింది ఒక్కటే, ఆర్డరివ్వడం. పొద్దున ఐదింటికి అందరూ లేవాలి, చెప్పులు వరసలో ఉండాలి, తిరిగి జవాబు చెప్పకూడదు. మేం చాలామందిమి ఇది చేశాం, నేనూ చేశాను. మా అమ్మాయి నాతో చనువుగా మాట్లాడడానికి నాలుగేళ్లు పట్టింది. తప్పు నాదే. లీవులో వచ్చినప్పుడు చుట్టంలా మర్యాద చేసినవాళ్లు, శాశ్వతంగా వచ్చేసరికి ఎలా సర్దుకోవాలో తెలియక తల్లి వెనక్కి చేరతారు. మీ నాన్నగారు 85లో వచ్చేటప్పటికి మీ వయసెంతో నాకు తెలియదు, మీ మీద గట్టిగా అరిచిన రోజులుంటే అవి కూడా పుస్తకంలో ఉండొచ్చు. ఆయన ముందు మీరే ఆ మాటెత్తితే, బహుశా యుద్ధం కంటే దాని గురించే ఆయన ఎక్కువ చెప్పాలనుకుంటారు.

బ్యాంకు ఉద్యోగాన్ని తీసిపారేయకండి. 85 నాటికి ఆయన హవల్దారు, గన్నుకి నంబర్ వన్ అయ్యుంటారు, చేతి కింద ఒక జట్టు. ఆ తర్వాత గేటు దగ్గర స్టూలు, చేతిలో 12 బోర్ తుపాకి, ఎవరొస్తే వాళ్లకి తలుపు తీయడం. దాన్ని మనసుకి ఎలా నచ్చజెప్పుకున్నారో నాకు ఊహ ఉంది, మీవాడు ఆయన్నే అడగాలి. చిన్న టౌన్లో గార్డంటే తుపాకి పట్టుకున్నవాడు మాత్రమే కాదు. చదువురాని ముసలమ్మలకి ఫారాలు నింపేది ఆయనే, పింఛను డబ్బు ఎంచి ఇచ్చి కొంగున ముడి వేసుకోమనేది ఆయనే. మీ ఊరి మార్కెట్లో అరవై దాటిన నలుగుర్ని అడగండి. వాళ్లకి 71 గురించి ఏమీ తెలియకపోవచ్చు, గార్డుగారి గురించి తలా ఒక మాట చెబుతారు.

కాగితాలు ఎలాగూ బయటికి తీస్తున్నారు కాబట్టి ఒక పని పూర్తి చేయండి. ఇది పుస్తకం కంటే తొందర పని. పెన్షన్ ఆర్డరులో మీ అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చూడండి. ఆధార్‌లో ఎలా ఉందో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మన ఇంటిపేర్లు, మన ఆడవాళ్ల పేర్లు అప్పట్లో యూనిట్‌లో రాసుకున్న క్లర్కుకి అర్థమయ్యేవి కావు. పెళ్లి అయ్యాక ఆ సంగతి రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ వేయించేటప్పుడు భర్త ఆవిడ ముద్దుపేరు చెబితే అదే ఎక్కింది. పుట్టిన తేదీ చాలా పాత ఆర్డర్లలో అసలుండదు. ఆయన ఉండగా ఇది సరిచేయడం సులువు: ఇద్దరూ కలిసి అఫిడవిట్, జాయింట్ ఫొటో, ఆధార్ నకళ్లు, సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కి. ఇప్పుడు పెన్షన్ స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తుంది కాబట్టి అందులోని వివరాలూ సరిపోవాలి. నాకు తెలిసిన ఒకావిడ, భర్త పోయాక పేరు తేడా వల్ల పద్నాలుగు నెలలు పైసా లేకుండా ఆఫీసు చుట్టూ తిరిగింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, నేనే ఆయన భార్యనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఎవరింటికెళ్లినా ముందు ఈ పేజీ చూపించమంటాను. 80 నిండితే బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30, 90కి 40. ఫ్యామిలీ పెన్షన్‌కీ ఇదే లెక్క. ఆవిడ పుట్టిన తేదీ లేకపోతే 80 ఎప్పుడు నిండిందో ఎవరు చెబుతారు? మీ నాన్నగారికి ఇంకో నాలుగేళ్లలో వస్తుంది, ఆయన తేదీ కూడా చూడండి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకండి.

వచ్చే ఆదివారం పొద్దున, ఆయన స్నానం చేసి కాఫీ తాగాక, పెట్టె వరండాలోకి తెప్పించండి. మీ అబ్బాయి ఒక్కడే ఆయన దగ్గర ఉండాలి, నోటుబుక్కు మూసే ఉండాలి. "మీరు గన్ను మీద ఏ నంబరు తాతయ్యా" అన్నదొక్కటే అడగమనండి. మీరు వాళ్ల మధ్యకి వెళ్లకండి. మీ అమ్మగారు ఆ టైముకి వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉంటారు కదా, ఇంకో కత్తిపీట తీసుకుని పక్కన కూర్చోండి. నేను పుట్టినప్పుడు నాన్నకి కబురు ఎలా వెళ్లిందమ్మా అని అడగండి.